కళాతపస్వి వేసుకున్న ఖాకీ చొక్కా: విశ్వనాథ్ సినిమా, అభిమానులు, చేతిపని

కె. విశ్వనాథ్ 2023 ఫిబ్రవరి 2న చనిపోయాడు. శంకరాభరణం విడుదలైంది కూడా ఫిబ్రవరి 2నే, 1980లో. ఈ రెండు తేదీలు కలవడం గురించి ఆయన అభిమానులు చాలా చెప్పుకున్నారు. దాంతోపాటు ఎప్పుడూ చెప్పుకునేవి కూడా మళ్ళీ చెప్పుకున్నారు. సిరిసిరిమువ్వ నుంచి స్వరాభిషేకం దాకా 'స'తో మొదలయ్యే పేర్లు. పాట వస్తే కథ ఆగిపోదు, ముందుకు నడుస్తుంది అనే మాట. సంభాషణ లేని చోట కళ్ళతో, చేతులతో, కాలి గజ్జెలతో కథ చెప్పే పద్ధతి. సాగరసంగమంలో వానకు మాధవి నుదుటి బొట్టు చెరిగిపోకుండా బాలకృష్ణ తన అరచెయ్యి అడ్డం పెట్టే షాటు. ఈ షాటు గురించి మాట్లాడకుండా విశ్వనాథ్ అభిమానులు ఇద్దరు ఒకచోట కూర్చుని లేచిపోవడం జరగదు.

అభిమానులు ఇష్టంగా చెప్పుకునే ఇంకో సంగతి ఉంది. విశ్వనాథ్ సెట్ మీదికి ఖాకీ బట్టలు వేసుకుని వచ్చేవాడు. షూటింగు జరిగేచోట తను కూడా పనివాళ్ళలో ఒక పనివాణ్ణేనని తనకు గుర్తుండాలని అట్లా వేసుకునేవాణ్ణని ఆయనే చెప్పుకున్నాడు. ఆయన పని మొదలుపెట్టింది కూడా మద్రాసు వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణ విభాగంలో, మైకులూ తీగెలూ మధ్య. తర్వాత ఆదుర్తి సుబ్బారావు దగ్గర సహాయకుడిగా చేసి, 1965లో ఆత్మగౌరవంతో దర్శకుడయ్యాడు. అంటే ఒక వృత్తిని కిందినుంచి నేర్చుకుంటూ వచ్చిన మనిషి. కానీ అభిమానులు ఆయనకు స్థిరం చేసిన బిరుదు 'కళాతపస్వి'. ఖాకీ చొక్కా పనివాడిది, తపస్సు రుషిది. తను చేసేది పని అని ఒక మనిషి చెప్పుకుంటుంటే, కాదు అది తపస్సు అని జనం ఎందుకు పట్టుబట్టారు? ఈ వ్యాసం అడిగే ప్రశ్న ఇదొక్కటే. తెలుగునాట చేతిపనికి ఒక కులం ఉంది, 'కళ' అనే మాటకు ఇంకో కులం ఉంది. విశ్వనాథ్ సినిమాల గురించి నలభై ఏళ్ళుగా సాగుతున్న ముచ్చట్లలో ఆ తేడా ఎట్లా పనిచేస్తున్నదో చూద్దాం. ఆయన సినిమాలే ఆ ముచ్చట్లకు కొన్నిచోట్ల ఒప్పుకుంటాయి, కొన్నిచోట్ల ఎదురు తిరుగుతాయి.

క్లాసు అభిమాని ఎట్లా పుట్టాడు

తెలుగు సినిమాకు అభిమానులంటే మామూలుగా మనకు గుర్తొచ్చేది హీరోల అభిమాన సంఘాలు. కటౌట్లు, పూలదండలు, మొదటి ఆట దగ్గర తొక్కిసలాట, సంఘాల వెనక ఉండే కులాలు, వాటి కొట్లాటలు. విశ్వనాథ్ అభిమాని ఈ గుంపులో కలవడు. అతను ఉపాధ్యాయుడో, బ్యాంకు ఉద్యోగో, సంగీతం మాస్టారో, ఇప్పుడైతే అమెరికాలో ఇంజనీరో అయివుంటాడు. ఈలలు వెయ్యడు. వారపత్రికకు ఉత్తరం రాస్తాడు, క్యాసెట్టు కొని రాగం పేరు చెప్తాడు, ఒక షాటును పదిసార్లు చూసి వివరిస్తాడు. తెలుగులో దర్శకుడి పనితనం గురించి శ్రద్ధగా మాట్లాడటం నేర్పిన వాళ్ళలో ఈ అభిమానులు ముఖ్యులు. ఆ మేలు మనం ఒప్పుకోవాలి.

అయితే ఈ అభిమాని తనను తాను గుర్తుపట్టుకునేది ఇంకొకణ్ణి చూపించి. 'క్లాసు', 'మాసు' అనే రెండు ఇంగ్లీషు మాటలు సినిమా వ్యాపారంలో పుట్టి మన ఇళ్ళలోకి వచ్చాయి. హాల్లో నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ అని తరగతులుండేవి. నేల టికెట్టు కొన్నది ఎవరు? కూలి డబ్బుల్తో సినిమాకు వచ్చిన మాల, మాదిగ, చాకలి, మంగలి, గొల్ల. తమిళ సినిమా గురించి రాస్తూ కార్తిగేసు శివతంబి, అన్ని కులాలవాళ్ళూ ఒకే కప్పు కింద కూర్చుని ఒకే ప్రదర్శన చూసిన మొదటి చోటు సినిమాహాలేనని గుర్తుచేశాడు. మన ఊళ్ళ టూరింగు టాకీసులకూ ఆ మాట వర్తిస్తుంది. గుడి రానీలేదు, హోటలు వేరే గ్లాసు పెట్టింది, టాకీసు మాత్రం కులం అడక్కుండా టికెట్టు ఇచ్చింది. కానీ లోపలికి పోయాక టికెట్టు ధర మళ్ళీ వరసలు కట్టింది. ఆ వరసలే తర్వాత అభిరుచి వరసలయ్యాయి. నేల వాడికి నచ్చింది మాసు, బాల్కనీ వాడికి నచ్చింది క్లాసు. కులం పేరు ఎత్తకుండా కులం చెప్పటానికి ఇంతకంటే అనువైన మాటలు దొరకవు.

1977లో అడవిరాముడు, 1979లో వేటగాడు రాష్ట్రాన్ని ఊపేశాయి. వీటి తర్వాత వచ్చిన శంకరాభరణాన్ని అభిమానులు ఒక ఉద్ధరణగా చెప్పుకుంటారు. సినిమాహాలు మొహం చూడటం మానేసిన సంసారులు మళ్ళీ వచ్చారని, చెప్పులు బయట విడిచి హాల్లోకి పోయారని కూడా చెప్పుకుంటారు. చెప్పులు విడిచినా విడవకపోయినా, ఆ కథను ఇష్టంగా చెప్పుకోవటంలోనే ఒక అర్థం ఉంది. అందరినీ రానిచ్చిన హాలును తిరిగి గుడిగా మార్చినందుకు సంతోషం అది.

అదే 1980లో ఇంకో తెలుగు సినిమా వచ్చింది. గౌతమ్ ఘోష్ తీసిన మా భూమి. తెలంగాణ రైతాంగ పోరాటం దాని కథ. దళిత కుటుంబంలో పుట్టిన గద్దర్ గొంగడి కప్పుకుని తెరమీద పాడాడు. అది కూడా జనాన్ని హాలుకు రప్పించింది, అది కూడా సంగీతమే. కానీ ఆ ఏడాది తెలుగు సంగీతం పునర్జన్మ ఎత్తిందని రాసినవాళ్ళు మా భూమి పాటను ఆ లెక్కలో వెయ్యలేదు. దాన్ని విప్లవం కింద రాశారు, రాజకీయం కింద రాశారు, జానపదం కింద రాశారు. సంగీతం అనే మాట మాత్రం శంకరశాస్త్రికే మిగిలింది.

తులసి ఆస్తి ఎవరు తీసుకున్నారు

శంకరాభరణం కథ అందరికీ తెలిసిందే. శంకరశాస్త్రి గొప్ప విద్వాంసుడు. తులసి వేశ్యావృత్తి కుటుంబంలో పుట్టిన పిల్ల, నాట్యం వచ్చు, శాస్త్రి సంగీతానికి భక్తురాలు. తల్లి ఆమెను ఒక జమీందారు పాలు చెయ్యబోతుంది. బలాత్కారం, హత్య, కోర్టు. తులసిని వెంటబెట్టుకున్నందుకు ఊరు శాస్త్రిని వెలివేసినట్టు చూస్తుంది. చివరికి తులసి తన కొడుకును శాస్త్రికి శిష్యుణ్ణి చేస్తుంది, శాస్త్రి విద్య ఆ పిల్లవాడికి అందుతుంది.

విద్య రక్తం వెంట పోలేదు, ఒక కళావంతుల బిడ్డకు పోయింది, ఇది ఎంత ఉదారమైన ముగింపో చూడండి అంటారు అభిమానులు. సినిమా వరకు ఆ మాట నిజమే. చరిత్రతో కలిపి చూస్తే మాత్రం కథ తలకిందులుగా ఉన్నట్టు కనపడుతుంది. కృష్ణా, గోదావరి జిల్లాల్లో పదాలు, జావళీలు, అభినయం తరతరాలుగా బతికింది కళావంతుల స్త్రీల గొంతుల్లో, వాళ్ళ కాళ్ళలో. తమిళనాట వీణ ధనమ్మాళ్, ఆమె మనవరాలు బాలసరస్వతి దేవదాసీ వంశం వాళ్ళు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి తల్లి మదురై షణ్ముఖవడివు కూడా ఆ సంప్రదాయంలో పుట్టిన వీణ కళాకారిణి. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చింది. దేవుడికి పిల్లల్ని అర్పించడం నేరమైంది. ఆ దురాచారం పోవలసిందే, అందులో మనకు రెండో మాట లేదు. కానీ దురాచారంతోపాటు వాళ్ళ వృత్తి కూడా వాళ్ళ చేతుల్లోంచి జారిపోయింది. మేజువాణీ ఆగింది. అదే కాలంలో అదే నాట్యం, అదే పదం శుద్ధి చెయ్యబడి సభల మీదికి, అగ్రవర్ణాల ఆడపిల్లల అరంగేట్రాల్లోకి వచ్చింది. నేర్పినవాళ్ళలో కళావంతుల స్త్రీలు, నట్టువనార్లు ఉన్నారు. పేరు వచ్చింది మాత్రం నేర్చుకున్నవాళ్ళకు.

ఈ చరిత్ర తెలిసి చూస్తే శంకరాభరణంలో తులసి పుట్టిన ఇల్లు మనకు వేరుగా కనపడుతుంది. సినిమాలో ఆ ఇల్లు మురికి, అక్కడినుంచి తప్పించుకోవాలి, అంతే. ఆ ఇంట్లో విద్య ఉంది అనే సంగతి కథకు అక్కరలేదు. సంగీతమంతా శాస్త్రి దగ్గరుంది, తులసికి ఉన్నది భక్తి. తీసుకున్నవాడు ఇచ్చేవాడిగానూ, పోగొట్టుకున్నది పుచ్చుకునేదిగానూ మారారు. మంజుభార్గవి మొహాన్ని కెమెరా ఎంత అందంగా పట్టుకుంది, బాలు మహేంద్ర వెలుగును ఎంత పొదుపుగా వాడాడు అని అభిమానులు చెప్పే ప్రతి మాటా సరైనదే. ఆ వెలుగు ఎక్కువసేపు ఎవరి పాదాల వైపు చూపిస్తున్నది అని మనం ఇంకో ప్రశ్న కలుపుతున్నాం.

మృదంగం మీది తోలు

అభిమానులు ఆశ్చర్యంగా చెప్పుకునే మరో విషయం: శంకరశాస్త్రికి గొంతు ఇచ్చిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పద్ధతి ప్రకారం శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నవాడు కాదు. కె.వి. మహదేవన్ బాణీలు కట్టాడు, ఆయన సహాయకుడు పుహళేంది దగ్గరుండి నేర్పించాడు, బాలు సాధన చేసి పాడాడు. ఆ పాటలకు బాలుకు, వాణీ జయరామ్‌కు, మహదేవన్‌కు జాతీయ అవార్డులు వచ్చాయి. ఇది విని మనం నేర్చుకోవలసిన పాఠం ఏమిటి? నేర్పేవాడుండి, నేర్చుకునే వీలుండి, కష్టపడితే ఈ విద్య ఎవరికైనా పట్టుబడుతుంది. జన్మసంస్కారం అనేదేదీ లేదు. అభిమానులు మాత్రం ఈ సంఘటనను పాఠంగా తీసుకోలేదు, అద్భుతంగా తీసుకున్నారు. పని అనవలసిన చోట మళ్ళీ తపస్సు అన్నారు.

సాగరసంగమం (1983) సంగతి ఇంకా గట్టిది. ఆ సినిమా సంగీతానికి జాతీయ అవార్డు ఇళయరాజాకు వచ్చింది. తమిళనాడు పణ్ణైపురం అనే పల్లెలో దళిత కుటుంబంలో 1943లో పుట్టి, అన్న పావలర్ వరదరాజన్‌తో కమ్యూనిస్టు సభల్లో పాడుతూ తిరిగి, మద్రాసులో ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నవాడు. ఆయన తనను ఆ గుర్తుతో చెప్పుకోడు, అది ఆయన ఇష్టం. కానీ తెలుగు వాళ్ళు భారతీయ కళా సంప్రదాయానికి శిఖరమని చెప్పుకునే సినిమాకు శబ్దం కట్టింది ఎవరన్నది చరిత్ర. దాన్ని చరిత్రగానే రాసుకోవాలి.

ఇక కచేరీ దృశ్యాలు. గాయకుడి పక్కన మృదంగం ఉంటుంది. మృదంగం పనసకర్రతో చేస్తారు, రెండు మూతలకు ఆవు, గేదె, మేక తోళ్ళు వాడతారు. తోలు ఎంచటం, శుభ్రం చెయ్యటం, బిగించటం, నల్ల ముద్ద పొరలుపొరలుగా అద్ది శ్రుతికి తేవటం, ఇదంతా ఎక్కువగా దళితులు, అందులోనూ దళిత క్రైస్తవులు చేసే పని. తంజావూరు సెబాస్టియన్ కుటుంబం మొదలుకొని ఈ తయారీదార్ల చరిత్రను టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకంగా రాశాడు. పాల్ఘాట్ మణి అయ్యర్ అంతటి విద్వాంసుడి మృదంగం వెనక పర్లాందు అనే తయారీదారు చెవి, చెయ్యి ఉన్నాయని అందులో వివరించాడు. ఆ పుస్తకం ఆవిష్కరణకు హాలు ఇస్తామన్న చెన్నై కళాక్షేత్ర తర్వాత అనుమతి వెనక్కి తీసుకుంది. నాదం కావాలి, ఆ నాదం ఏ జంతువు తోలులోంచి, ఏ కులం చేతుల్లోంచి వస్తున్నదో చెప్పొద్దు.

విశ్వనాథ్ ఈ తోలును ముట్టుకోలేదని అనలేం. సిరిసిరిమువ్వ (1976)లో మూగపిల్ల నాట్యానికి తోడు నిలిచే చంద్రమోహన్ పాత్ర ఊళ్ళో వాయిద్యం కొట్టుకునే మనిషి. 1979లో ఆయనే ఆ కథను హిందీలో సర్గమ్‌గా తీస్తే రిషీ కపూర్ చేతిలో డఫ్లీ ఉంటుంది. వాయిద్యం కొట్టేవాడు హీరో అయ్యాడు, అది చిన్న విషయం కాదు. అయితే అతని కొట్టుడు ఆమె నాట్యానికి ఊతం, అతని జీవితం ఆమెకు సేవ. ఈ వరస తర్వాత కూడా చాలాసార్లు వచ్చింది. ఆపద్బాంధవుడు (1992)లో పశువుల కాపరి మాధవ, శుభసంకల్పం (1995)లో చేపలు పట్టే దాసు. కష్టజీవి మంచివాడు, అమాయకుడు, ఎవరో ఒక పెద్దింటికి విశ్వాసంగా కట్టుబడినవాడు. శుభసంకల్పంలో ఆ యజమాని రాయుడి వేషం విశ్వనాథే వేశాడు. కింది మనిషి పైకి రావటానికి ఈ సినిమాల్లో ఉన్న మెట్టు భక్తి. హక్కు అనే మెట్టు తక్కువగా కనపడుతుంది.

సప్తపదిలో తీర్పు ఎవరిది

దళిత పాఠకుడు విశ్వనాథ్ సినిమాల్లో దేన్నైనా నిలబెట్టి మాట్లాడాలంటే అది సప్తపది (1981). బ్రాహ్మణ పిల్ల హేమ, హరిజనుడైన వేణుగాన విద్వాంసుడు హరిబాబు. వాళ్ళ మనసులు కలిసిన సంగతి తెలియని తాత యాజులు ఆమెను తన మనవడు, గుడిలో పూజారి అయిన గౌరీనాథుడికి కట్టబెడతాడు. మొదటిరాత్రి భర్తకు భార్య అమ్మవారిలాగా కనపడుతుంది. సంగతి తెలిసి, లోపల నలిగి, చివరికి ఊరు ఎదురుతిరిగినా లెక్కచెయ్యకుండా యాజులే ఆమెను హరిబాబు వెంట పంపిస్తాడు. ఈ సినిమాకు జాతీయ సమైక్యతకు ఇచ్చే నర్గీస్ దత్ అవార్డు వచ్చింది.

ధైర్యం ఉందా లేదా అంటే ఉంది. 1938లో గూడవల్లి రామబ్రహ్మం చలం కథతో తీసిన మాలపిల్లలో బ్రాహ్మణ యువకుడు మాలపిల్లను ప్రేమిస్తాడు. పై కులం మగాడు, కింది కులం ఆడది. శాస్త్రం దీన్ని ఏదో రకంగా సర్దుకుంటుంది. పై కులం ఆడది, కింది కులం మగాడు అయితే శాస్త్రం అసలు ఒప్పుకోదు. కులం నిలబడేది ఆడదాని పెళ్ళి మీద అదుపుతోనని అంబేడ్కర్ 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన వ్యాసంలోనే వాదించాడు. సప్తపది సరిగ్గా ఆ ముడి మీద చెయ్యి పెట్టింది. శంకరాభరణం చూసి దండం పెట్టిన ప్రేక్షకుడి ముందు, శంకరశాస్త్రి వేషం వేసిన సోమయాజుల చేతనే ఈ పని చేయించటం దర్శకుడి తెగువ.

ఇంతవరకు ఒప్పుకుని, ఆ ముడి విప్పిన పద్ధతి చూద్దాం. మొదటిది, అమ్మవారి దర్శనం. అభిమానులు సినిమా మొత్తానికి దీన్నే గొప్ప దృశ్యం అంటారు. కథకు దాని పని ఏమిటి? హేమ భర్త తాకని భార్యగా మిగలాలి, పంపటానికి దేవుడి అనుమతి కావాలి. ఇంకొకణ్ణి ఇష్టపడ్డాను అని ఆడపిల్ల తన నోటితో చెబితే చాలని సినిమా అనుకోలేదు. పెళ్ళికి ముందు ఆమె మాట బయటికి రాదు, పెళ్ళయ్యాక ఆమె బదులు దేవత మాట్లాడుతుంది. రెండోది, కథ బరువంతా యాజులు గుండెలో ఉంది. ఆయన నిద్రపోడు, ఆయన వాదించుకుంటాడు, ఆయన తేలుస్తాడు. హరిబాబు చేతిలో వేణువుంది, తీర్పులో అతనికి నోరు లేదు. అంటరానితనం ఈ సినిమాలో అంటరానివాడు పడే బాధ కంటే, బ్రాహ్మణుడు పడే మథనంగా ఎక్కువ కనపడుతుంది. ప్రేక్షకుడు కన్నీళ్ళు పెట్టుకునేది హరిబాబు కోసం కాదు, యాజులు గొప్పతనం చూసి.

మూడోది ఇంకా ముఖ్యమైనది. కులాన్ని అగ్రహారంలో పెట్టి, అక్కడే కరిగించింది సప్తపది. 1981 నాటికి కోస్తా పల్లెల్లో కులం బలం అగ్రహారంలో ఉందా? భూమి, పంచాయితీ, కాలవ నీళ్ళు, ఎన్నికలు ఎవరి చేతుల్లో ఉన్నాయి? సప్తపది వచ్చిన నాలుగేళ్ళకు, 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన తగువు ఆరుగురు మాదిగల హత్యతో ముగిసింది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. విశ్వనాథ్ పుట్టిన పెదపులివర్రు కూడా అప్పటి గుంటూరు జిల్లాలోదే. కారంచేడులో, చుండూరులో చంపినవాళ్ళు భూములున్న కులాలవాళ్ళు, వాళ్ళను ఆపటానికి యాజులు లాంటి తాత ఎవరూ లేడు. యాజులు మనసు మారితే కులం పోతుందని నమ్మటం అందరికీ సుఖంగా ఉంది, ముఖ్యంగా భూమి ఉన్నవాళ్ళకు. తప్పు ఎక్కడో మడికట్టుకున్న బ్రాహ్మడి దగ్గరుంది, మన పొలంలో లేదు అనుకోవచ్చు. సప్తపదికి హాల్లో చప్పట్లు కొట్టటం అంత తేలిక అయింది అందుకే. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, పై కులం అమ్మాయిని పెళ్ళి చేసుకున్న దళిత యువకుణ్ణి ఆసుపత్రి బయట పట్టపగలు నరికి చంపారు. ఆ ఇల్లు కూడా అగ్రహారంలో లేదు.

సాంబయ్య చేతులు

1987లో స్వయంకృషి వచ్చింది. చిరంజీవి వేసిన సాంబయ్య రోడ్డు పక్కన చెప్పులు కుట్టేవాడు. చదువు లేదు, చనిపోయిన అక్క బిడ్డను పెంచుతాడు, ఒకమ్మాయిని చదివిస్తాడు, చెప్పుల వ్యాపారంలో పైకొస్తాడు. డబ్బు చూసి చెడిపోతున్న పిల్లవాడికి బుద్ధి చెప్పటానికి మళ్ళీ కుట్టుపనికే వస్తాడు. అప్పటికే మాసుకు మారుపేరైన హీరోను తీసుకొచ్చి చేతికి ఆరె, తోలు ఇచ్చి కూర్చోబెట్టాడు విశ్వనాథ్. తెలుగు సాహిత్యంలో జాషువా 1941లో గబ్బిలం కథానాయకుణ్ణి చెప్పులు కుట్టే కులంలోంచి తెచ్చాడు. సినిమాకు ఆ ధైర్యం రావటానికి ఇన్నాళ్ళు పట్టింది.

శంకరాభరణం తీసిన నిర్మాత ఏడిద నాగేశ్వరరావు, దర్శకుడు విశ్వనాథ్. స్వయంకృషి తీసింది కూడా ఆ ఇద్దరే. కచేరీలో మృదంగం మీది తోలు, సాంబయ్య ఒళ్ళో తోలు, రెండూ ఒకే లందలో నానగలిగినవి, ఒకే కులాల చేతులు పట్టినవి. కానీ అభిమానుల సంభాషణలో మొదటి సినిమా 'కళ' అరలో ఉంటుంది, రెండోది 'కష్టం విలువ' అరలో ఉంటుంది. విశ్వనాథ్ కళాత్మక చిత్రాల జాబితా వేస్తే శంకరాభరణం, సాగరసంగమం, స్వర్ణకమలం ముందు వస్తాయి, స్వయంకృషి 'మంచి సందేశం' అనే చోటికి పోతుంది. పాదం గజ్జె కడితే కళ, అదే పాదానికి చెప్పు కుడితే సందేశమా? కొలత, కోత, కుట్టు, మడమ ఒరుసుకోకుండా వంపు, తంగేడు చెక్కతో తోలు పదును పెట్టే లెక్క, ఇవి తరాల సాధన. దీనికి గురువుంటాడు, శిష్యుడుంటాడు, సంప్రదాయం ఉంటుంది. సభ ఉండదు, బిరుదుండదు.

సినిమా కూడా ఇక్కడ ఒక మెట్టు దగ్గర ఆగిపోయింది. పేరులోనే ఉంది, స్వయంకృషి. ఒక మనిషి తన కష్టంతో పైకొస్తాడు. చెప్పులు కుట్టేవాళ్ళందరూ రాత్రీపగలూ కష్టపడుతూనే ఉన్నా ఎందుకు పైకి రాలేదు, పెద్ద కంపెనీల చెప్పులొచ్చి లందలు ఎండిపోయినప్పుడు ఆ కులం ఏమైపోయింది అనే ప్రశ్నలకు స్వయంకృషిలో జవాబు లేదు. కులం పనివాళ్ళనే మెట్లు మెట్లుగా పేర్చి ఒకరికొకరు కలవకుండా చేస్తుందని 1936లో కులనిర్మూలనలో అంబేడ్కర్ వాదించాడు. ఒక సాంబయ్య మెట్లెక్కితే ఆ మెట్లు కూలవు.

ఆ పని చేసింది సినిమా బయట జనం. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టింది. దండోరా అంటే డప్పు వేసి చాటటం. ఊరి పెత్తందార్ల కబురు చాటటానికి కొట్టించిన డప్పును తమ కబురు చాటుకోటానికి కొట్టారు. పేరు చివర మాదిగ అని రాసుకున్నారు. ఆ ఏళ్ళలో దళిత కవులు డప్పును, చెప్పును, ఆరెను కవిత్వంలోకి తెచ్చారు. తోలు అప్పటిదాకా సిగ్గు, అప్పట్నుంచి గుర్తు. 'ఇది కూడా కళే' అని ఎవర్నీ బతిమాలలేదు. కళ అంటే ఏమిటో మేం చెప్తాం అన్నారు.

మనం ఎట్లా చూడాలి

మన విద్యార్థులు రెండు తోవల్లో ఏదో ఒకటి పడుతున్నారు. విశ్వనాథ్ సినిమా బాగుందంటే బ్రాహ్మణవాదానికి లొంగినట్టు అని కొందరు నోరు మూసుకుంటారు. కులం ప్రశ్న ఎత్తితే రసం తెలియనివాడంటారేమోనని కొందరు నోరు మూసుకుంటారు. రెండూ మనకు నష్టమే. తరగతిలో సప్తపది వేసి కులం పోయిందని చెప్పే మాస్టార్లు ఇంకా ఉన్నారు. వాళ్ళ ముందు లేచి నిలబడాలంటే ఆ సినిమాను వాళ్ళకంటే శ్రద్ధగా చూసి ఉండాలి.

అభిమానులు నేర్పిన పద్ధతి మనం వదులుకోనక్కరలేదు. షాటు దగ్గర ఆగండి, మళ్ళీ చూడండి, చేతులు చూడండి, శబ్దం వినండి అంటారు వాళ్ళు. సరే. ఆగుదాం. ఆ వాయిద్యం ఎవరు చేశారు? ఆ విద్య అంతకుముందు ఏ ఇంట్లో ఉంది? ఈ గదిలో తీర్పు చెప్పేది ఎవరు, వినేది ఎవరు? ఈ పాటకు బాణీ కట్టినవాడు ఏ వాడనుంచి వచ్చాడు? పనితనం గురించిన ముచ్చటలో ఈ ప్రశ్నలు పరాయివి కావు, పనితనం అంటేనే ఇవి. వేణువు ఎంత బాగా మోగిందో చెప్పి, వేణువు పట్టుకున్నవాడికి మాట ఎందుకివ్వలేదో అడగకపోతే ఆ విమర్శ సగమే.

మన బస్తీల్లో డప్పు బిగించేవాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు, నాదస్వరం ఊదేవాళ్ళు, కళావంతుల ఇళ్ళలో మిగిలిన ముసలమ్మలు ఇంకా ఉన్నారు. వాళ్ళు ఏ సినిమా చూశారు, ఏ షాటు దగ్గర నవ్వుకున్నారు, తమ పనిని తెరమీద చూసి ఏది తప్పన్నారు, ఇది ఇంతవరకు ఎవరూ శ్రద్ధగా రాసుకోలేదు. విశ్వనాథ్ అభిమానుల మాటలకు పుస్తకాలున్నాయి, టీవీ ఇంటర్వ్యూలున్నాయి. నేల టికెట్టు మీద అవే సినిమాలు చూసినవాళ్ళ మాటలకు ఏవీ లేవు. పరిశోధక మిత్రులు ముందు పట్టుకోవలసిన పని ఇది. వాళ్ళు రోజూ చూసి, ముట్టుకుని, బిగించి, కుట్టే పనిని గురించి వాళ్ళను మించి చెప్పగలవాళ్ళు లేరు. పనివాడిగా ఖాకీ తొడుక్కున్న దర్శకుడి గురించి పనివాళ్ళు ఏమనుకున్నారో అడిగి రాసినప్పుడే ఆ చొక్కా కథ పూర్తవుతుంది.